నాలుగు నెలల్లో 18,000 పుస్తకాలు: ఒక మెడికల్ లైబ్రేరియన్ ప్రశ్న

ప్రశ్న: కోస్తా జిల్లాలో ఒక ప్రైవేటు మెడికల్ కాలేజీలో లైబ్రేరియన్‌గా చేస్తున్నాను. ఎంఎల్ఐఎస్సీ (లైబ్రరీ సైన్స్‌లో పీజీ) చదివాను, తొమ్మిదేళ్ళ సర్వీసు ఉంది. పోయిన నెల ప్రిన్సిపాల్ గారు పిలిచి, వచ్చే ఇన్‌స్పెక్షన్ నాటికి, అంటే నాలుగు నెలల్లో, మొత్తం 18,000 పుస్తకాలూ కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించి బార్‌కోడ్‌లు వేయమన్నారు. పీజీ థీసిస్‌లన్నీ స్కాన్ చేసి, ఆన్‌లైన్‌లో దాచి చూపించే డీస్పేస్ అనే సాఫ్ట్‌వేర్‌లో పెట్టాలట. ఇది చాలదన్నట్టు కమ్యూనిటీ మెడిసిన్ హెచ్ఓడీ గారు ఒక సిస్టమాటిక్ రివ్యూకి, అంటే ఒక ప్రశ్న మీద వచ్చిన పరిశోధనలన్నీ ఏరి తేల్చే వ్యాసానికి, లిటరేచర్ సెర్చ్ చేసిపెట్టమంటున్నారు. రెండు వారాల పనే కదా అంటారు. నాకున్నది ఇద్దరు అసిస్టెంట్లు, ఒక అటెండర్. సీనియర్ అసిస్టెంట్ గారికి కంప్యూటర్ అంటే గిట్టదు. ఐటీ వాళ్ళు ఫోన్ ఎత్తరు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్‌లో ఉన్న మా తమ్ముడు, ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ నేర్చుకో, పీఎంపీ అనే సర్టిఫికెట్ పరీక్ష రాయి అంటున్నాడు. నేను క్యాటలాగింగ్ నేర్చుకున్నదాన్ని, మేనేజర్‌ని కాను. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

సమాధానం:

అమ్మా, ముందు నాదొక ప్రశ్న. ఈ పని ప్రిన్సిపాల్ గారు మీకు కాగితం మీద ఇచ్చారా? మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, ఆ మాట ఎక్కడా లేదు. పిలిచి చెప్పారని మాత్రం ఉంది. మీకు నిద్ర పట్టకపోవడానికి పుస్తకాల సంఖ్య కారణమని మీరు అనుకుంటున్నారు గానీ, నాకు ఆ నోటిమాట మీదే అనుమానం. ఎంతవరకు చేస్తే పని అయినట్టో ఎవరూ చెప్పలేదు. స్టిక్కర్లకీ స్కానర్‌కీ డబ్బు ఎవరిస్తారో తెలియదు. ఐటీ వాళ్ళు కదలకపోతే ఎవరితో చెప్పాలో తెలియదు. చెప్పనివన్నీ మీ నెత్తినే ఉన్నాయనుకుని మోస్తున్నారు. ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ అని మీ తమ్ముడు అంటున్నదాంట్లో మీకు ఈ నెలలో అవసరమైనది చాలావరకు ఇదే: ఈ చెప్పనివాటిని చెప్పించుకోవడం, రాయించుకోవడం.

మేనేజర్‌ని కానన్నారు. ఏటా స్టాక్ వెరిఫికేషన్ ఎవరు చేస్తున్నారు? కౌంటర్ మూసే తేదీ ముందే నోటీసు బోర్డులో పెడతారు, రాక్‌లు మనిషికిన్ని అని పంచుతారు, రిజిస్టర్‌తో సరిచూస్తారు, కనబడని పుస్తకాల జాబితా కమిటీ ముందు పెడతారు, మళ్ళీ ఫలానా రోజున కౌంటర్ తెరుస్తారు. మొదలుంది, ముగింపుంది, మనుషులున్నారు, చివర రిపోర్టు ఉంది. తొమ్మిదేళ్ళుగా ప్రాజెక్టులు నడుపుతూనే ఉన్నారు. ఈసారి పని పెద్దది, పైగా మీ గది దాటి ఐటీ గదికీ అకౌంట్స్‌కీ హెచ్ఓడీల గదులకీ పోతోంది. తేడా అంతే.

అందుకని ముందు ఒక్క పేజీ రాయండి. అందులో మొదట రావాల్సింది, పని అయిందని ఎలా తెలుస్తుందన్నది. "ఇన్‌స్పెక్షన్ నాటికి లైబ్రరీ కంప్యూటరైజ్ చేయాలి" అని రాస్తే ఏమీ రాయనట్టే. "ఫలానా తేదీ నుంచి కౌంటర్‌లో రిజిస్టర్ లేకుండా ఇష్యూ, రిటర్న్ జరుగుతాయి. విద్యార్థి తన ఫోన్‌లో వెతికితే పుస్తకం రాక్‌లో ఉందో, బయటికి వెళ్ళిందో కనబడుతుంది" అని రాయండి. ఇది ఇన్‌స్పెక్టర్ వచ్చినా నిలబడి చూడగలిగిన సంగతి. ఆ కింద, ఈ విడతలో చేయనివేమిటో కూడా అంత స్పష్టంగా రాయండి: ఆర్ఎఫ్ఐడీ (రేడియో చిప్ ట్యాగులు) లేదు, బైండు చేసిన పాత జర్నల్ వాల్యూములు లేవు, డిపార్ట్‌మెంట్ లైబ్రరీల్లో ఉన్న పుస్తకాలు రెండో విడత. ఆ చివరిది తప్పకుండా రాయండి. హెచ్ఓడీల బీరువాల్లో ఏళ్ళ తరబడి ఉండిపోయిన పుస్తకాలను ఈ నాలుగు నెలల్లో వెనక్కి తెప్పించాలని కూర్చుంటే మిగతా పనేదీ సాగదు. ఎవరికి వారే యమునా తీరే అన్నట్టు ఉండే డిపార్ట్‌మెంట్లను కదపడానికి ప్రిన్సిపాల్ సర్క్యులర్ కావాలి, అది మీ ఒక్కరి వల్ల అయ్యేది కాదు.

చేయనివాటి జాబితా ఎందుకంటే, పని సగంలో ఉండగా ఎవరో ఒక ప్రొఫెసర్ గారు వచ్చి, "పనిలో పని, ఆ డ్యూయీ నంబర్లు తీసేసి ఎన్ఎల్ఎం వర్గీకరణకి మార్చేయండమ్మా" అంటారు. మంచి సలహానే. అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ వాళ్ళ పద్ధతిలో ఫార్మకాలజీకి క్యూవీ, పిల్లల వైద్యానికి డబ్ల్యూఎస్ అంటూ ప్రతి శాఖకీ విడి అక్షరాలుంటాయి. వైద్య గ్రంథాలయానికి అదే మెరుగు అని నేనూ ఒప్పుకుంటాను. కానీ అలా మార్చాలంటే ప్రతి స్పైన్ లేబులూ పీకి కొత్తది వేయాలి, రాక్‌లన్నీ మళ్ళీ సర్దాలి. అలాంటప్పుడు కాదనకండి. "చేద్దాం సార్, దానికి ఇన్ని రోజులు ఎక్కువ పడుతుంది, ప్రిన్సిపాల్ గారు సరేనంటే చేర్చుకుంటాను" అనండి. అడిగినవి అడిగినట్టు ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. తేదీ, అడిగినవారు, ఎంత పని పెరుగుతుంది, ఎవరు సరేనన్నారు, ఈ నాలుగు గడులు చాలు. ఆ పుస్తకం చూపించేసరికే సగం కోరికలు ఆగిపోతాయి.

ఇక లెక్క. ఇక్కడ మీ తమ్ముడి కోర్సు కన్నా మీ రాక్‌లే ఎక్కువ నేర్పిస్తాయి. ఒక పూట తీరిక చేసుకుని ఫార్మకాలజీ రాక్ నుంచి వరసగా 50 పుస్తకాలు తీయండి. ఏరుకోవద్దు, అట్ట ఊడినవి కూడా రానివ్వండి. మీరూ మీ జూనియర్ అసిస్టెంటూ కూర్చుని వాటి పని మొదటి నుంచి చివరిదాకా చేయండి. ఐఎస్‌బీఎన్ (పుస్తకం మీద ఉండే అంతర్జాతీయ నంబరు) కొట్టి రికార్డు తెచ్చుకోవడం, అక్సెషన్ నంబరు (లైబ్రరీ ప్రతి కాపీకీ వేసే వరస నంబరు) రిజిస్టర్‌తో సరిచూడడం, స్టిక్కర్, స్పైన్ లేబుల్, మళ్ళీ రాక్‌లో పెట్టడం. మొదలుపెట్టినప్పుడు, ఆపినప్పుడు గడియారం చూసి రాయండి.

అప్పుడు మీకు బయట ఎవరూ చెప్పలేని సంగతులు తెలుస్తాయి. విదేశీ ముద్రణ అయితే కోహాలోంచే లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ క్యాటలాగులో వెతికి రికార్డు దింపుకోవచ్చు, నిమిషాల మీద అయిపోతుంది. అదే పుస్తకం సౌత్ ఏషియా ఎడిషన్ అయితే ఐఎస్‌బీఎన్ వేరు. అక్కడ దొరక్కపోవచ్చు, రికార్డు మీరే తయారు చేయాలి. మన దేశపు ప్రచురణకర్తల పుస్తకాల సంగతీ చాలాసార్లు అంతే. ఇంకో పక్క, మెడికల్ కాలేజీలో ఒకే పుస్తకం ఇరవై కాపీలుండడం మామూలే. రికార్డు ఒకసారి చేస్తే మిగతా పంతొమ్మిదికీ ఐటమ్ చేర్చడం, స్టిక్కర్ వేయడం మాత్రమే. అందుకని 18,000 అనే సంఖ్యను అలాగే పట్టుకోకుండా, అందులో టైటిళ్ళు ఎన్ని, కాపీలు ఎన్ని అని విడగొట్టండి. గుండె కాస్త కుదుటపడుతుంది.

ఉదాహరణకి, 50 పుస్తకాలకి మీకు రెండు గంటలు పట్టిందనుకుందాం. కౌంటర్ పని పోను రోజుకి నాలుగు గంటలు దొరికితే రోజుకి 100 పుస్తకాలు. 18,000కి 180 పని దినాలు. నెలకి 25 చొప్పున ఏడు నెలల పైమాటే. మీకిచ్చింది నాలుగు నెలలు, అంటే 100 రోజులు, 10,000 పుస్తకాలు. అందులోంచి సెలవులు, జ్వరాలు, కరెంటు కోతలు, ఇన్‌స్పెక్షన్ ముందు ఫైళ్ళ హడావిడి తీసేయండి. అయిదో వంతు తీసినా 8,000 మిగులుతాయి. ఇప్పుడు ప్రిన్సిపాల్ గారి దగ్గరికి ఈ లెక్క పట్టుకెళ్ళండి. మూడు దారులు చూపించండి: ఇన్‌స్పెక్షన్ నాటికి వాడకంలో ఉన్న 8,000, మిగతావి ఆ తర్వాత. లేదా ఇద్దరు డేటా ఎంట్రీ మనుషుల్ని మూడు నెలలకి ఇవ్వండి, ఖర్చు ఇంత. లేదా గడువు పెంచండి. కుదరదని చెప్పడానికి వెళ్ళిన మనిషితో ఆయన వాదిస్తారు. లెక్క తీసుకెళ్ళిన మనిషిని, వీటిలో ఏది మంచిదంటావమ్మా అని అడుగుతారు.

ఏ 8,000 అంటే, టెక్స్ట్‌బుక్కుల తాజా ఎడిషన్లు, పీజీలు అడిగే పుస్తకాలు, రిఫరెన్స్. అయిదు ఎడిషన్ల కిందటి ఫార్మకాలజీ పుస్తకానికి బార్‌కోడ్ వేయడం దండగ. మందుల మోతాదులు మారిపోయిన పుస్తకాన్ని క్యాటలాగులో కనబడేలా పెట్టడం దండగ కన్నా ఎక్కువే. అలాగని వాటిని రద్దు చేయించే పని ఇప్పుడు ఎత్తుకోకండి. ఇన్‌స్పెక్షన్ ముందు పుస్తకాల సంఖ్య తగ్గడానికి ఏ యాజమాన్యమూ ఇష్టపడదు. వాటిని పక్క రాక్‌లోకి చేర్చి చివరి విడతకి వదిలేయండి.

మీరు ఉత్తరంలో పనుల గురించి రాశారు గానీ ఎదురుచూపుల గురించి రాయలేదు. ఆలస్యాలన్నీ అక్కడే పుడతాయి. బార్‌కోడ్ ప్రింటర్ కోసం నోట్ పెట్టడం మీకు గంట పని. మూడు కొటేషన్లు, పర్చేజ్ కమిటీ, ఆర్డరు, సరుకు రావడం అన్నీ కలిపితే నెల దాటొచ్చు. సర్వర్ అంతే. ఎథిక్స్ కమిటీ అంతే, దాని సంగతి కిందికి వస్తాను. ఇలాంటివి ఏమేమున్నాయో ఏరి మొదటి వారంలోనే కదపండి. ఆ కాగితాలు తిరుగుతూ ఉండగా ఇక్కడ మీరు డేటా పని చేసుకోవచ్చు. స్టిక్కర్లు మాత్రం ఒకేసారి పెద్ద ఆర్డర్ ఇవ్వకండి. సముద్రపు గాలి తగిలే ఊళ్ళో జిగురు ఎంతకాలం నిలుస్తుందో ఒక చిన్న రోల్ తెప్పించి చూడాలి. టైటిల్ పేజీ మీద ఒకటి, అట్ట మీద ఒకటి వేసి, అట్ట మీదదానికి పైన పారదర్శకమైన టేపు అంటించి, రోజూ చేతులు మారే పుస్తకాల మీదే పరీక్షించండి.

కౌంటర్‌ని కోహాకి మార్చే రోజు విషయంలో అకడమిక్ సెక్షన్‌ని అడిగి విజయవాడ ఆరోగ్య విశ్వవిద్యాలయం పరీక్షల తేదీలు ముందే తెచ్చుకోండి. రీడింగ్ హాలు కిటకిటలాడే నెలలో మార్చారో, పిల్లలూ మీరూ కలిసి ఏడవాలి. పరీక్షలయ్యాక, కొత్త బ్యాచ్ రాకముందు మార్చండి. ఒక నెలపాటు పాత రిజిస్టర్ కూడా పక్కన నడవనివ్వండి, తర్వాత గట్టిగా ఆపేయండి. రెండూ నడుపుతూ పోతే చివరికి దేన్నీ నమ్మలేరు.

మీ సీనియర్ అసిస్టెంట్ గారి గురించి ఒక్క వాక్యం రాసి వదిలేశారు. నన్నడిగితే ఈ ప్రాజెక్టులో మీ తర్వాత ముఖ్యమైన మనిషి ఆయనే. ఏ నంబరు రెండుసార్లు పడిందో, ఏ పేజీ దగ్గర రిజిస్టర్ మారిందో, ఏ డిపార్ట్‌మెంట్‌కి ఎన్ని పుస్తకాలు వెళ్ళి రాలేదో ఆయనకే గుర్తుంటుంది. ఆయన్ని కీబోర్డు ముందు కూర్చోబెట్టకండి. జూనియర్ ఎక్కించిన ప్రతి రోజు జాబితానీ ప్రింటు తీసి ఆయన చేతికివ్వండి, రిజిస్టర్‌తో పోల్చి ఎర్రపెన్నుతో తప్పులు గుర్తించి సంతకం పెట్టమనండి. "మీరు చూసి సరే అంటేనే డేటా ఫైనల్ అండీ" అని అందరి ముందూ చెప్పండి. కంప్యూటర్ గిట్టకపోవడం వెనక, ఇన్నేళ్ళ తన రిజిస్టర్ రేపు చెత్తబుట్ట పాలవుతుందేమోనన్న బెంగ ఉంటుంది. తనిఖీ పని ఆయనకిస్తే ఆ బెంగ తీరుతుంది, మీ డేటా కూడా శుభ్రపడుతుంది. అటెండర్‌కి రాక్ నుంచి టేబుల్‌కి, టేబుల్ నుంచి రాక్‌కి పుస్తకాలు తిప్పే బాధ్యత పూర్తిగా అప్పజెప్పండి. ఆ వరస తప్పితే మిగతా ముగ్గురూ ఖాళీగా కూర్చోవాలి.

ఐటీ వాళ్ళకి ఫోన్ చేయడం మానేయండి. కోహా ఉచిత సాఫ్ట్‌వేర్, 2000లో న్యూజిలాండ్‌లో మొదలై ఇప్పుడు ప్రపంచమంతా వాడుతోంది, దాని గురించి బెంగ అక్కర్లేదు. కానీ అది లినక్స్ సర్వర్ మీద నడుస్తుంది, దాన్ని చూసుకునే మనిషి ఒకరుండాలి. ఎవరు? పేరుతో సహా రాయించుకోండి. రోజూ బ్యాకప్ తీస్తామంటారు. సరే, ఆ బ్యాకప్‌ని ఒకసారి వేరే మెషీన్ మీద తిరిగి ఎక్కించి చూపించమనండి. మొదటి 500 పుస్తకాలు ఎక్కగానే ఈ పరీక్ష పెట్టండి. అప్పటికి పోయినా 500 పుస్తకాల పనే పోతుంది.

థీసిస్‌ల దగ్గర మిమ్మల్ని కాస్త ఆపాలి. "అన్నీ స్కాన్ చేసి పెట్టేయండి" అన్న మాట వినడానికి బాగుంటుంది. ఒక పాత ఎండీ థీసిస్ తీసి చివరి పేజీలు తిప్పండి. అనుబంధాల్లో మాస్టర్ చార్ట్, అంటే అధ్యయనంలోని రోగులందరి వివరాల పట్టిక, ఉంటుంది. కొన్నిటిలో వరస నంబర్లు మాత్రమే ఉంటాయి. కొన్నిటిలో రోగి పేరు, వయసు, ఐపీ (ఇన్‌పేషెంట్) నంబరు, జబ్బు అన్నీ ఒకే వరసలో ఉంటాయి. చర్మవ్యాధులు, కంటి వైద్యం థీసిస్‌లలో ముఖాల ఫొటోలుంటాయి, కళ్ళ మీద నల్ల గీత గీసినంత మాత్రాన మనిషిని గుర్తుపట్టకుండా ఉండరు. కొన్నిటికి వేలిముద్రతో ఉన్న అంగీకార పత్రం జిరాక్సే కుట్టేసి ఉంటుంది. అటెండర్ స్కాన్ చేసి అప్‌లోడ్ కొడితే, మీ జిల్లాలోని ఒక మనిషికి ఏ జబ్బు వచ్చిందో ఊరంతా చూసేలా పెట్టినట్టే. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా వచ్చింది. చట్టం లేకపోయినా ఇది చేయకూడని పని.

కాబట్టి ఈ పనిని రెండు ముక్కలు చేయండి. ఈ బ్యాచ్ నుంచి థీసిస్ పీడీఎఫ్ ఇస్తేనే లైబ్రరీ నో డ్యూస్ మీద సంతకం పెడతామని ప్రిన్సిపాల్ గారి చేత సర్క్యులర్ ఇప్పించండి. ఆ సంతకం కోసం ప్రతి పీజీ మీ టేబుల్ దగ్గరికి రాక తప్పదు, లైబ్రేరియన్‌కి ఉన్న అధికారమల్లా అదొక్కటే, వాడుకోండి. పీడీఎఫ్‌లో రోగుల గుర్తులేవీ లేవని గైడు సంతకం చేసిన కాగితం కూడా జతచేయమనండి. ఇక పాతవాటికి టైటిల్, పేరు, గైడు, ఏడాది, సారాంశం మాత్రం డీస్పేస్‌లో పెట్టండి. ఇన్‌స్పెక్షన్ వాళ్ళకి చూపించడానికి అది సరిపోతుంది, జూనియర్ పీజీలకి తమ అంశం మీద ఇంతకు ముందు ఎవరు ఏం చేశారో కూడా తెలుస్తుంది. పాతవి పూర్తిగా పెట్టాలా, పెడితే క్యాంపస్ లోపలే కనబడాలా అన్నది ఎథిక్స్ కమిటీ చెప్పాలి. ఆ కమిటీ రోజూ కూర్చోదు, అందుకే లేఖ ఈ వారమే పంపమంటున్నాను.

కమ్యూనిటీ మెడిసిన్ హెచ్ఓడీ గారి రెండు వారాల సంగతి చూద్దాం. ప్రాస్పెరో అనే రివ్యూల రిజిస్టర్‌లో నమోదై ప్రచురణ దాకా వచ్చిన 195 సిస్టమాటిక్ రివ్యూల మీద 2017లో బీఎంజే ఓపెన్‌లో ఒక అధ్యయనం వచ్చింది. రిజిస్ట్రేషన్ నుంచి ప్రచురణకి సగటున 67 వారాలు పట్టిందని తేలింది. సెర్చ్ అందులో ఒక భాగమే, నిజమే. కానీ ఆ భాగం సరిగా లేకపోతే మిగతా 60 వారాల పనీ వృథా. ఆయన దగ్గరికి వెళ్ళి ఈ సంఖ్య చెప్పండి, మర్యాదగానే. తర్వాత పరిశోధన ప్రశ్న ఒక్క వాక్యంలో రాసిమ్మనండి: ఎవరిలో, ఏ చికిత్స లేదా కారణం, దేనితో పోల్చి, ఏ ఫలితం. అది మారుతూ ఉంటే మీ సెర్చ్ కూడా మారుతూనే ఉంటుంది. వచ్చిన వ్యాసాలను జల్లెడ పట్టే ఇద్దరు ఎవరో అడగండి, అది మీ పని కాదు. పేపర్‌లో మీ పేరు రచయితల్లోనా, కృతజ్ఞతల్లోనా అన్నది మొదటి రోజే తేల్చుకోండి. చివర్లో అడిగితే మొహమాటాలు, మనస్పర్థలు. ప్రతి డేటాబేస్‌లో ఏ పదాలతో, ఏ తేదీన వెతికారో దాచుకోండి. 2021లో వచ్చిన ప్రిస్మా-ఎస్ అనే మార్గదర్శకం ప్రకారం సెర్చ్ వివరాలన్నీ పేపర్‌లో ఇవ్వాలి.

సెర్చ్ అంటే ఏముంది, పబ్‌మెడ్‌లో (వైద్య వ్యాసాల ఆన్‌లైన్ సూచిక) కొట్టడమేగా అని ఎవరైనా అంటే 2001లో జాన్స్ హాప్కిన్స్‌లో జరిగింది చెప్పండి. ఆస్తమా పరిశోధనలో ఎలెన్ రోష్ అనే 24 ఏళ్ళ ఆరోగ్యవంతురాలైన వాలంటీర్ చేత హెక్సామెథోనియం అనే మందు పీల్పించారు. ఆమె ఊపిరితిత్తులు దెబ్బతిని చనిపోయింది. ఆ మందు ఊపిరితిత్తులకి చేసే హాని గురించి 1950లలోనే వ్యాసాలు వచ్చాయి. అప్పటి పబ్‌మెడ్ 1966 దాకానే వెనక్కి వెళ్ళేది, పరిశోధకుడి వెతుకులాటలో అవి పడలేదు. ఆ తర్వాత అమెరికాలో వైద్య గ్రంథాలయాల వాళ్ళు, ఇలాంటి పరిశోధనలకి ముందు సెర్చ్‌లో లైబ్రేరియన్ ఉండాలని గట్టిగా అడిగారు. ఆరోగ్య రంగంలో మన పని బయటికి చిన్నదిగా కనబడినా దాని బరువు ఇది. అందుకే ఆయనకి కాదని చెప్పమనడం లేదు. కోహా మొదటి విడత అయ్యేదాకా వారానికి ఒక మధ్యాహ్నం మాత్రమే ఇవ్వగలనని చెప్పండి.

బడ్జెట్ మాట వచ్చినప్పుడు ఎవరో ఒకరు, "ఇప్పుడు వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ వచ్చింది కదా, జర్నల్స్ డబ్బు మిగులుతుంది, దాంతో ఇవి కొనుక్కోండి" అంటారు. జర్నళ్ళకి కేంద్ర ప్రభుత్వమే చందా కట్టే ఆ పథకం 2025 జనవరిలో మొదలైంది, దాని మొదటి దశ ప్రభుత్వ విద్యాసంస్థలకీ, కేంద్ర పరిశోధన సంస్థలకీ. మీది ప్రైవేటు కాలేజీ. ఆ ఆశతో చందాలు ఆపేస్తే ముందు మిమ్మల్నే తిడతారు.

పని నడుస్తున్నప్పుడు చేయాల్సింది తక్కువే. శనివారం పదిహేను నిమిషాలు నలుగురూ నిలబడి మాట్లాడుకోండి: ఈ వారం ఎన్ని అయ్యాయి, ఎక్కడ ఆగింది, వచ్చే వారం ఏమిటి. గోడ మీద ఒక చార్టు చాలు, ఎక్సెల్ ఇష్టమైతే ఎక్సెల్. సాఫ్ట్‌వేర్ కొనకండి. సోమవారం ప్రిన్సిపాల్ గారికి అర పేజీ మెయిల్ పెట్టండి. అందులో పూర్తయిన సంఖ్య, అనుకున్న సంఖ్య, ఆయన నుంచి కావలసిన నిర్ణయం ఒక్కటి ఉండాలి, మూడు కాదు. వెనకబడితే అది కూడా ఆ వారమే రాయండి. చివరి నెలలో ఒక్కసారిగా బయటపడితే, ముందే ఎందుకు చెప్పలేదని ఆయన అడిగే హక్కు ఆయనకి ఉంటుంది.

మీ తమ్ముడి పీఎంపీకి వస్తే, అది రాయాలంటే డిగ్రీ ఉన్నవాళ్ళు కూడా మూడేళ్ళు ప్రాజెక్టులు నడిపిన అనుభవం, 35 గంటల శిక్షణ చూపించాలి. ఫీజు కూడా తక్కువేమీ కాదు. కార్పొరేట్ ఆస్పత్రికో, ఫార్మా కంపెనీ ఇన్ఫర్మేషన్ విభాగానికో మారే ఆలోచన ఉంటే తర్వాత చూడొచ్చు. ఈ నాలుగు నెలల్లో మాత్రం దాని జోలికి పోవద్దు. పద్ధతి తెలుసుకోవాలనిపిస్తే ఎన్‌పీటెల్ ఆన్‌లైన్ కోర్సుల్లో పాఠాలు ఉచితంగా వినొచ్చు, రాత్రి అరగంట చొప్పున. ఎలాగూ నిద్ర పట్టడం లేదన్నారు కాబట్టి అనడం లేదు!

ఇక ఈ వారం పంపాల్సిన కాగితం. ఇలా రాయండి:

"గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి, లైబ్రరీ కంప్యూటరీకరణపై మీరు ఇచ్చిన సూచనల మేరకు 50 పుస్తకాలతో నమూనాగా పని చేసి చూశాము. ఆ లెక్క ప్రకారం ఇప్పుడున్న సిబ్బందితో ఇన్‌స్పెక్షన్ నాటికి వాడకంలో ఉన్న 8,000 పుస్తకాలు పూర్తిచేసి, కౌంటర్‌ను కోహాకి మార్చగలము. మిగిలినవి రెండో విడతలో చేస్తాము. థీసిస్‌ల వివరాలు, సారాంశాలు డీస్పేస్‌లో పెడతాము. పూర్తి పాఠాల విషయం ఎథిక్స్ కమిటీ అభిప్రాయం వచ్చాక నిర్ణయించవచ్చు. ఇందుకు ఐటీ విభాగం నుంచి ఒక బాధ్యుడిని, బార్‌కోడ్ ప్రింటర్, స్టిక్కర్ల కొనుగోలుకు అనుమతిని, నో డ్యూస్ సర్క్యులర్‌ను కోరుతున్నాను. మీ ఆమోదం తెలిపితే వచ్చే సోమవారం పని మొదలుపెడతాము."

8,000 బదులు మీ రాక్ లెక్కలో వచ్చిన సంఖ్య వేసుకోండి. ఆయన సంతకం పెట్టకుండా "చూద్దాంలే అమ్మా" అంటే వారం ఆగండి. ఆ తర్వాత, మీ నుంచి అభ్యంతరం రాలేదు గనుక ఈ ప్రకారం మొదలుపెడుతున్నాము అని ఒక మెయిల్ పెట్టండి. కాపీ లైబ్రరీ కమిటీ చైర్మన్ గారికి.